బేస్ గిటారుకో సింథ్ పెడల్: ఏది కొనాలి, ఎలా ఎంచుకోవాలి?

(రేడియో ప్రసంగ పాఠం)

నేను యాంగోన్ నుంచి మాట్లాడుతున్నాను. మన తాతల నాటి మాటలో చెప్పాలంటే రంగం నుంచి. గోదావరి మొగలో ఉన్న కోరంగి రేవులో ఓడెక్కి ఇక్కడికి వచ్చిన మనవాళ్ళని ఈ ఊరివాళ్ళు ఆ రేవు పేరుతోనే కోరంగీలు అనేవారు. ఆ పిలుపులో గౌరవం పెద్దగా ఉండేది కాదు, అది వేరే కథ. నేను మాత్రం ఓడలో రాలేదు, కంప్యూటర్ ఉద్యోగం మీద విమానంలో వచ్చాను. సాయంత్రాలు, ఆదివారాలు ఇక్కడ నాలుగైదు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పిల్లలతో కలిసి పాటలు వాయిస్తుంటాను. ఈ వారం చెప్పబోయేది ఆ పాటల వల్ల వచ్చిన ఒక సాంకేతిక సమస్య గురించి: బేస్ గిటారుకి సింథ్ పెడల్ ఎంచుకోవడం ఎలా?

ఇదేమిటి, ఇంత చిన్న విషయానికి ఒక ప్రసంగమా అనుకోకండి. సింగపూర్‌లో, డల్లాస్‌లో, మెల్బోర్న్‌లో వింటున్న తల్లిదండ్రుల్లో కొందరింట్లో బేస్ గిటారు వాయించే అబ్బాయో అమ్మాయో ఉండే ఉంటారు. పుట్టినరోజుకి ఏదో ఒక పెడల్ కావాలని అడిగే ఉంటారు. రెండు మూడు వందల డాలర్ల వస్తువు. మీరు కొని, నచ్చకపోతే మర్నాడు దుకాణంలో తిరిగి ఇచ్చేయవచ్చు. మాకు ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఎవరో చుట్టం సింగపూర్ నుంచో బ్యాంకాక్ నుంచో వస్తూ సంచిలో పెట్టుకుని తెస్తే తెచ్చినట్టు. ఒకసారి వచ్చింది వెనక్కి పోదు. అందుకని మేము కొనే ముందు ఎంత ఆలోచించాల్సి వచ్చిందో, ఆ ఆలోచన మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

మా ఇబ్బంది ఇది. బృందంలో కీబోర్డు వాయించే కుర్రాడు దేశం విడిచి పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. 2021 తర్వాత, మరీ ముఖ్యంగా 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చాక, ఇక్కడి యువకులు చాలామంది అలాగే వెళ్ళిపోయారు. మిగిలింది ఒక డోలక్, ఒక గిటారు, ఒక బేస్ గిటారు, పాడేవాళ్ళు. ఉగాది కార్యక్రమానికి పదిహేను పాటలు. అందులో ఆరేడు పాటలకి సింథ్ బేస్ లేకపోతే ఒళ్ళు కదలదు. ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఇంట్లో బర్మీస్ భాషే వస్తుంది. వాళ్ళకి వచ్చిన తెలుగంతా ఈ పాటల్లో ఉన్న తెలుగే. పాటలు బాగా లేకపోతే రిహార్సల్‌కి రారు, రాకపోతే ఆ కాస్త తెలుగూ పోతుంది. బేస్ వాయించే అబ్బాయి ఒకరోజు నన్ను అడిగాడు, "అన్నా, పెడల్ కొంటే కీబోర్డు లేకుండా గడుస్తుందా?" అని. అందరం తలా కొంచెం వేసుకుని ఒక్క పెడల్‌కి సరిపడా డబ్బు పోగు చేశాం. ఒక్కటే.

ముందు సింథ్ బేస్ అంటే ఏమిటో చూద్దాం. బేస్ గిటారులో శబ్దం లావుపాటి తీగ ఊగడం వల్ల పుడుతుంది. సింథసైజర్‌లో విద్యుత్తు ఊగడం వల్ల పుడుతుంది. 1970లో వచ్చిన మినీమోగ్ అనే చిన్న సింథసైజర్ ఈ రెండో రకాన్ని సామాన్య వాద్యకారుల చేతికి ఇచ్చింది. దాన్ని చేసిన రాబర్ట్ మోగ్ ఇంటిపేరు తెలుగు చెవికి ఎంత బాగా అతికిందో చూడండి. 1977లో పార్లమెంట్ అనే అమెరికన్ బృందం చేసిన 'ఫ్లాష్ లైట్' పాటలో బెర్నీ వొరెల్ బేస్ భాగాన్ని గిటారు మీద కాకుండా మోగ్ మీద వాయించాడు. అక్కడి నుంచి డాన్సు పాట అంటే సింథ్ బేస్ అనే అలవాటు పడిపోయింది. మన దగ్గర 1986లో ఇళయరాజాగారు 'పున్నగై మన్నన్' సినిమాకి కంప్యూటర్ సీక్వెన్సర్ వాడారు. తెలుగులో అది 'డాన్స్ మాస్టర్'గా వచ్చింది. తర్వాత రాజ్-కోటి పాటల్లో, 1994 నాటి 'ప్రేమికుడు' పాటల్లో, ఆ తర్వాత వచ్చిన దాదాపు ప్రతి హుషారు పాటలో ఆ శబ్దం మీరు విన్నదే.

అలాగని పాత పాటలన్నిటికీ ఇది కావాలని కాదు. ఇళయరాజాగారి దగ్గర శశిధరన్ గారు వాయించిన బేస్ గిటారు వరసలు తీగ మీద, వేలితో, ప్రాణం పెట్టి వాయించినవి. వాటికి సింథ్ పెడల్ తగిలించడం పులిహోరలో పంచదార వేయడమే. కాబట్టి కొనే ముందు చేయాల్సిన మొదటి పని దుకాణానికి వెళ్ళడం కాదు, మీరు వాయించే పాటల జాబితా రాసుకుని ఒక్కొక్క దాని ఎదురుగా 'తీగ' అనో 'సింథ్' అనో గుర్తు పెట్టుకోవడం. మా పదిహేనులో ఏడింటికి సింథ్ అని వచ్చింది. మీకు రెండే వస్తే డబ్బు దాచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. సింథ్ పెడల్ అనే పేరుతో అమ్మే డబ్బాలన్నీ ఒకే పని చేయవు. లోపల జరిగే పనిని బట్టి వీటిలో నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది ఫిల్టర్ దారి. మీరు కూర్చున్నచోటే ఒకసారి నోటితో "ఊ... ఆ... ఊ..." అని ఆపకుండా అనండి. గొంతులో పుట్టే శబ్దం మారలేదు, నోరు తెరిచి మూయడం వల్ల రంగు మారింది. ఎన్వలప్ ఫిల్టర్ చేసే పని సరిగ్గా ఇదే. మీరు తీగని ఎంత గట్టిగా మీటారో కనిపెట్టి, ఆ మేరకు నోరు తెరుస్తుంది. తబలాలో డగ్గా మీద మణికట్టు నొక్కితే వచ్చే 'గుమ్‌మ్' ఉంటుందే, దానికి దగ్గరి చుట్టం ఈ శబ్దం. ఎం.ఎక్స్.ఆర్. కంపెనీ బేస్ ఎన్వలప్ ఫిల్టర్ ఈ జాతిది. ఇది స్వరమేదో కనిపెట్టే ప్రయత్నమే చేయదు కాబట్టి ఎప్పుడూ తడబడదు. కానీ వినేవాళ్ళకి ఇది ఇంకా గిటారే అని తెలుస్తూనే ఉంటుంది.

రెండోది ఆక్టేవ్ దారి. తీగ రెండుసార్లు ఊగితే లోపలి సర్క్యూట్ ఒకసారి ఊగుతుంది. దాంతో ఒక స్థాయి కింద, అంటే మంద్రంలో, అదే స్వరం పుడుతుంది. అలా పుట్టించిన అల తీగ అలలా నున్నగా ఉండదు, మెట్టు మెట్టుగా ఉంటుంది. ఆ మెట్ల వల్లే దానికి సింథ్ లక్షణం వస్తుంది. బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2 దీనికి పెద్దన్న. (కంపెనీ పేరు బాస్, వాయిద్యం పేరు బేస్, దుకాణంలో రెండూ కలగలిపి అడిగితే అమ్మేవాడు అయోమయంలో పడతాడు.) 1983లో పాల్ యంగ్ పాడిన ఒక పాటలో పీనో పలాడినో ఈ ఓసీ-2తో వాయించిన బేస్ విని ప్రపంచంలో సగంమంది బేస్ వాద్యకారులు దీన్ని కొన్నారని చెప్పుకుంటారు. 2020లో వచ్చిన ఓసీ-5లో ఆ పాత ధ్వని ఒక మీటలో దొరుకుతుంది. ఆక్టేవ్ తర్వాత ఒక ఫజ్ పెడల్, దాని తర్వాత ఎన్వలప్ ఫిల్టర్ వరుసగా పెడితే పేదవాడి సింథసైజర్ తయారు. ఎలక్ట్రో హార్మోనిక్స్ వాళ్ళ బేస్ మైక్రో సింథ్ ఈ మూడింటినీ ఒకే పెట్టెలో పెట్టి, పైన జరిపే మీటలు ఇస్తుంది. ధ్వని అద్భుతం. కానీ దానికి అందరి దగ్గరా ఉండే 9 వోల్టుల అడాప్టర్ పనికిరాదు, 24 వోల్టులది కావాలి. మా ఊళ్ళో ఆ అడాప్టర్ పాడైతే ఇంకొకటి దొరకబుచ్చుకోవడం గగనం. ఆ ఒక్క కారణంతో మేము దాన్ని జాబితాలోంచి తీసేశాం.

మూడోది స్వరాన్ని కనిపెట్టే దారి. ఈ పెడల్ మీ తీగ శబ్దాన్ని విని "ఇది ఫలానా స్వరం" అని తేల్చుకుని, తన లోపలున్న అసలు సింథసైజర్‌తో ఆ స్వరాన్ని కొత్తగా పలికిస్తుంది. సుమారు పాతికేళ్ళ కిందట వచ్చిన అకాయ్ డీప్ ఇంపాక్ట్ ఈ దారిలో పేరుమోసింది. మ్యూజ్ బృందంలో బేస్ వాయించే క్రిస్ వోల్‌స్టెన్‌హోమ్ వాడకంతో ఇంకా పేరొచ్చింది, తయారీ ఆగాక పాతవాటి ధర చుక్కలనంటింది. దాన్ని రూపొందించిన అండ్రాష్ సలాయ్ తర్వాత పాండా మిడి అనే చిన్న కంపెనీతో 2015లో ఫ్యూచర్ ఇంపాక్ట్ తెచ్చాడు. నిజమైన సింథ్ శబ్దం కావాలంటే దారి ఇదే. అయితే దీనికి ఒక జబ్బుంది. అది తయారీలో లోపం కాదు, భౌతిక శాస్త్రం పెట్టిన తిప్పలు. దాని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కొన్నవాళ్ళలో నిరాశపడేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే నిరాశపడతారు.

నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికన్నా లావుపాటి 'ఇ' తీగ సెకనుకి 41.2 సార్లు ఊగుతుంది. అంటే ఒక్క ఊపు పూర్తవడానికి సుమారు 24 మిల్లీసెకన్లు. ఒక ఊపైనా పూర్తిగా చూడకుండా అది ఏ స్వరమో ఎంత తెలివైన కంప్యూటరైనా చెప్పలేదు. నమ్మకంగా చెప్పాలంటే రెండు ఊపులు చూడాలి, అప్పటికి దాదాపు 50 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. ఇది ఎంత ఆలస్యం? గాలిలో శబ్దం 24 మిల్లీసెకన్లలో ఎనిమిది మీటర్లకు పైగా పోతుంది. అంటే మీ స్పీకరు మీ పక్కన కాకుండా హాలు మధ్యలో ఉన్నట్టు వినిపిస్తుంది. రెండు ఊపులైతే పదహారు మీటర్లు, హాలు గుమ్మం దగ్గరన్నమాట. డోలక్ వాయించే ఆయన మీ వైపు గుర్రుగా చూడటం మొదలుపెడతాడు. అయిదు తీగల బేస్ అయితే ఇంకా కష్టం. 'బి' తీగ సెకనుకి 30.9 సార్లే ఊగుతుంది, ఒక్క ఊపుకే 32 మిల్లీసెకన్లు.

దీనికి మందు ఉంది, పైసా ఖర్చు లేనిది. అదే స్వరాన్ని ఒక స్థాయి పైన వాయించండి. 'ఇ' తీగ మీద పన్నెండో మెట్టు దగ్గర ఊపులు 82.4కి పెరుగుతాయి, ఆలస్యం సగానికి తగ్గుతుంది. పెడల్‌లో ఒక స్థాయి కిందకి దించే ఏర్పాటు ఉంటుంది, అది ఆన్ చేస్తే వినేవాళ్ళకి మంద్రమే వినిపిస్తుంది. దాంతోపాటు మెడ వైపు పికప్ వాడండి, టోన్ మీట తగ్గించండి, వాయించని తీగల మీద వేళ్ళు ఆనించి నిశ్శబ్దంగా ఉంచండి. పెడల్‌కి ఒక్క స్వరమే, శుభ్రంగా వినిపించాలి. రెండు తీగలు కలిసి మోగితే ఈ జాతి పెడల్ బెదిరిపోయి పిచ్చికూతలు కూస్తుంది. నా దృష్టిలో సింథ్ పెడల్ బాగా లేదన్నవాళ్ళలో సగంమందికి బాగా లేనిది వాళ్ళ ఎడమచెయ్యి.

మన సంగీతంతో వచ్చే ఇంకో చిక్కు. మన పాటలో స్వరం నిలబడి ఉండదు. ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతుంది, ఊగుతుంది. స్వరాన్ని కనిపెట్టే పెడల్ కొన్ని అమరికల్లో ఆ జారుడుని మెట్లు మెట్లుగా కోసేస్తుంది. హార్మోనియం మీద గమకం పలికించబోయినట్టు ఉంటుంది. ఫిల్టర్ దారిలో ఆ ఇబ్బంది లేదు, మీ వేలు ఎలా జారితే శబ్దం అలాగే జారుతుంది. పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్ళు రాసిన సమీక్షల్లో ఈ సంగతి కనబడదు, ఎందుకంటే వాళ్ళకది అంతగా అవసరం లేదు. మనం మాత్రం తప్పకుండా పరీక్షించి చూసుకోవాలి.

నాలుగో దారి కొంచెం కొత్తది. 2019లో బాస్ కంపెనీ తెచ్చిన ఎస్‌వై-1 దీనికి మంచి ఉదాహరణ. వచ్చిన శబ్దాన్నే విశ్లేషించి, అప్పటికప్పుడు మలిచి ఇస్తుంది. అందువల్ల ఆలస్యం తెలియదు, రెండు మూడు తీగలు కలిసి మోగినా తట్టుకుంటుంది. పదకొండు రకాలు, ఒక్కొక్కదానిలో పదకొండు ఛాయలు, మొత్తం 121 ధ్వనులు. గిటారా, బేసా అని ఎంచుకునే మీట ఉంటుంది. అది బేస్ వైపు పెట్టడం మర్చిపోవద్దు. ఇదే కాలంలో వచ్చిన సోర్స్ ఆడియో సీ4 అయితే ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ కూర్చుని ధ్వనిని మొదటి నుంచి కట్టుకునేలా చేస్తుంది. నాలాంటి కంప్యూటర్‌వాడికి అది పండగే. కానీ రిహార్సల్ రెండు గంటలుంటే గంటన్నర ఫోన్ చూసుకుంటూ కూర్చునే ప్రమాదం ఉంది. కుర్రవాళ్ళకి కొనిచ్చే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది. మీటలు తక్కువ ఉన్న పెడల్ వాయించడం నేర్పిస్తుంది, మీటలు ఎక్కువ ఉన్నది తిప్పడం నేర్పిస్తుంది.

ఇవి కాకుండా జూమ్ కంపెనీ ఎంఎస్-60బి లాంటివి ఉన్నాయి. అందులో సింథ్, ఫిల్టర్, ఆక్టేవ్, కంప్రెసర్ అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి. ఏ ఒక్కటీ ఆ రంగంలో మొనగాడు కాదు, కానీ ఏదీ పనికిరానిదీ కాదు. పెళ్ళి భోజనంలో ఆకు నిండా వడ్డించినట్టు. పైగా మామూలు పెన్సిల్ బ్యాటరీలు రెండు వేస్తే నడుస్తుంది.

ఆ బ్యాటరీ మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ ఊళ్ళో 2021 తర్వాత కరెంటు కోతలు బాగా పెరిగాయి. హాలు అద్దెకి తీసుకుంటే అద్దెతోపాటు జనరేటర్ డీజిల్ సంగతి కూడా మాట్లాడుకోవాలి. జనరేటర్ మీదకి మారగానే స్పీకర్లలో ఒక గుయ్‌మనే రొద మొదలవుతుంది. ఆ రొద 50 హెర్ట్జ్. బేస్ గిటారులో 'ఇ' తీగ మూడో మెట్టు దగ్గర పలికే 'జి' స్వరం 49 హెర్ట్జ్. అంటే మీరు 'జి' వాయిస్తుంటే పక్కనే ఎవరో కాస్త అపశృతిలో అదే వాయిస్తున్నట్టు ఉంటుంది. స్వరాన్ని కనిపెట్టే పెడల్‌కి అయితే ఇది ఇంకా అన్యాయం: మీరు ఆపినా ఆ రొదని స్వరమనుకుని అది తనంతట తాను పలకడం మొదలుపెట్టవచ్చు. బ్యాటరీతో నడిపితే పెడల్ వరకు ఈ బెడద చాలా తగ్గుతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళకి ఇది అంతగా పట్టదు, హైదరాబాదులో కార్యక్రమాలు చేసేవాళ్ళకి మాత్రం పడుతుంది. అడాప్టర్ వాడేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి: ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీ ఆంపియర్లు, మధ్య పిన్ను నెగటివా పాజిటివా. పెడల్ అడిగినన్ని మిల్లీ ఆంపియర్ల కన్నా అడాప్టర్ ఎక్కువ ఇవ్వగలిగితే నష్టం లేదు. వోల్టులు ఎక్కువైనా, పిన్ను తారుమారైనా పెడల్ కాలిపోవచ్చు.

మరి మేము ఏది తీసుకున్నాం? ఓసీ-5 మీద నాకు మోజు ఉన్నా, పిల్లలకి కావలసింది అది కాదు. కీబోర్డు లేని లోటు తీరాలంటే హుషారు పాటలకి బేస్ ఒక్కటే చాలదు. భజనల్లో, ప్రార్థన పాటల్లో వెనకాల నిలిచి ఉండే ఒక పలచటి ధ్వని కూడా కావాలి, తంబురా శృతిలాంటిది. రెండు తీగలు కలిపి మీటితే నిలబడే పెడల్ కావాలి. స్వరాన్ని కనిపెట్టే జాతి ఆ పని చేయలేదు. దాంతో చివరికి ఎస్‌వై-1, జూమ్ ఈ రెండే మిగిలాయి. మా వాడి బేస్ గిటారు పాతది, లోపల బ్యాటరీ లేని పాసివ్ రకం, తక్కువ సిగ్నల్ ఇస్తుంది. రెండింటినీ అలాంటి గిటారుతోనే పరీక్షించి రమ్మని సింగపూర్‌లో ఉన్న వాళ్ళ పిన్నిగారి అబ్బాయిని దుకాణానికి పంపాం. అతనికి సంగీతం రాదు. ఏం వాయించాలో కాగితం మీద రాసిచ్చి, ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాం. ఆ కాగితం మీకూ పనికొస్తుంది, చెబుతాను.

ముందు 'ఇ' తీగని వట్టిగా మీటి, మోత పూర్తిగా ఆగేదాకా ఉండండి. ఆగిపోయే ముందు పెడల్ తడబడుతోందా, గరగరలాడుతోందా వినండి. తర్వాత అదే తీగని వీలైనంత వేగంగా పదహారు సార్లు మీటండి. పదహారూ విడివిడిగా వినిపించాలి. మూడోసారి అయిదో మెట్టు నుంచి పన్నెండో మెట్టుకి నిదానంగా వేలు జార్చండి, మన గమకం పరీక్ష అదే. ఆ తర్వాత రెండు తీగలు కలిపి మీటండి. చివరగా పెడల్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి అదే వాయించి, శబ్దం ఎక్కువ తక్కువలు చూడండి. ఆన్ చేయగానే బేస్ అడుగు పోయి పలచబడితే, అసలు తీగ ధ్వనిని కలిపే మీట ఆ పెడల్‌లో ఉందో లేదో అడగండి. బేస్‌కి వాడే సింథ్ పెడల్‌లో ఈ మీట ఉండి తీరాలి. అది లేని పెడల్ గిటారుకి బాగుండవచ్చు, బేస్‌కి మాత్రం ఇంటికి పునాది తీసేసి మేడ కట్టినట్టు ఉంటుంది. ఎస్‌వై-1లో ఎఫెక్ట్‌కి ఒకటి, డైరెక్ట్‌కి ఒకటి వేరువేరుగా ఉన్నాయి.

ఆ రికార్డింగులు విన్నాక ఎస్‌వై-1 తెప్పించాం. జూమ్ కూడా పనికొచ్చేదే, ఇంట్లో ఒక్కళ్ళే సాధన చేసుకునే పిల్లలకైతే నేను దాన్నే ముందు చెబుతాను. మాకు వేదిక మీద తొందరలో వంగి చిన్న తెర చూసుకుంటూ మార్చే తీరిక లేదు, అందుకే గుండ్రటి మీటలున్నది ఎంచుకున్నాం.

ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆ వీడియోల్లో పెడల్ శబ్దం నేరుగా రికార్డింగ్ యంత్రంలోకి పోతుంది, మీరు ఇయర్‌ఫోన్‌లో వింటారు, అందుకే అంత నిండుగా ఉంటుంది. మీ చిన్న యాంప్‌లో ఎనిమిది అంగుళాల స్పీకరు ఉంటే అందులో 41 హెర్ట్జే సరిగా పలకదు. దానికి ఒక స్థాయి కింద, అంటే 20 హెర్ట్జ్ పలికించబోతే స్పీకరు ఊగడం కనిపిస్తుంది తప్ప ఏమీ వినిపించదు, శక్తి మాత్రం ఖర్చవుతుంది. కిందకి దించే ఆక్టేవ్‌ని లావు తీగ మొదటి మెట్ల దగ్గర వాడకండి. మధ్య తీగల నుంచి పైకే వాడండి.

పెడల్ ఒకటికన్నా ఎక్కువ ఉంటే వరుస కూడా ముఖ్యం. శృతి చూసుకునే ట్యూనర్ ముందు, తర్వాత ఆక్టేవ్ లేదా సింథ్, ఆ తర్వాత ఫజ్, ఎకో లాంటివి. ఎన్వలప్ ఫిల్టర్ ముందు కంప్రెసర్ పెట్టకండి. మీరు మెల్లగా మీటారో గట్టిగా మీటారో చూసి పనిచేసే పెడల్ అది, కంప్రెసర్ ఆ తేడానే చెరిపేస్తుంది. స్వరాన్ని కనిపెట్టే పెడల్‌కి మాత్రం ముందు కొంచెం కంప్రెసర్ ఉంటే మేలే, స్వరం ఎక్కువసేపు నిలబడుతుంది.

రిహార్సల్‌లో మొదటిరోజు ఈ డబ్బా ఆన్ చేయగానే పిల్లలు కేకలు పెట్టారు. మూల కూర్చున్న ఒక అమ్మమ్మగారు, "బాబూ, శబ్దం బాగుంది గానీ, పాడే అమ్మాయి మాటలు వినబడట్లేదు" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సింథ్ ధ్వనుల్లో గొంతు ఉండే ప్రాంతంలో కూడా బోలెడు శబ్దం ఉంటుంది, తీగ ధ్వనిలో అంత ఉండదు. ఫిల్టర్ కటాఫ్ మీట, లేదా టోన్ మీట, ఒంటరిగా వాయిస్తే బాగుందనిపించిన చోటు నుంచి పావు వంతు తగ్గించాం. ఒక్కడే వాయించినప్పుడు కాస్త చప్పగా అనిపిస్తుంది, పాటలో కలిస్తే సరిగ్గా సరిపోతుంది. పల్లవికి ఆఫ్ చేసి, చరణాల మధ్య వచ్చే సంగీతానికి ఆన్ చేయడం ఇంకో పద్ధతి. ఏడు పాటల్లో నాలుగింటికి మేము అలాగే చేశాం. మాటలు పిల్లల నోట స్పష్టంగా వినబడటం కోసమే కదా ఈ తంటాలన్నీ.

ఇక వానాకాలం సంగతి. యాంగోన్‌లో మే నుంచి అక్టోబరు దాకా వాన, ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్లు. కోనసీమలోనో కేరళలోనో సింగపూర్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ తేమ తెలిసిందే. పెడల్‌ని పట్టుబట్టలో చుట్టి బీరువాలో పెట్టకండి, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలు నెలకోసారి మార్చండి. వారానికోసారి వైరు పెట్టి తీస్తూ ఉంటే కన్నాల్లో చిలుము పట్టదు. బ్యాటరీ ఉన్న పెడల్ అయితే ఇన్‌పుట్ కన్నంలో వైరు వదిలేయకండి. చాలా పెడళ్ళలో స్విచ్చు ఆ కన్నంలోనే ఉంటుంది, వైరు ఉన్నంతసేపూ మీరు కాలితో ఆఫ్ చేసినా బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. ఏప్రిల్‌లో ఇక్కడ తింజాన్ నీళ్ళ పండగ, వీధి వేదికల మీద వాయించేవాళ్ళ మీద కూడా నీళ్ళు చల్లుతారు. ఆ నాలుగు రోజులు మావాడు పెడల్ ఇంట్లో పెట్టి, వట్టి గిటారుతో వెళతాడు.

మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న 9 వోల్టుల అడాప్టర్లు, మంచి వైర్లు ఉంటే, ఈ వైపు వచ్చే చుట్టాల చేతికి ఇచ్చి పంపితే మా పిల్లలకి పనికొస్తాయి.